యజ్ఞశిరస్సంధానము: శల్యతంత్ర చరిత్రలో ఒక విచారము

యజ్ఞపురుషుని శిరస్సు ఛేదింపబడినదనియు, దానిని అశ్వినీదేవతలు తిరిగి సంధించిరనియు చెప్పు గాథ మన వాఙ్మయమున రెండు చోట్ల రెండు స్వరములతో వినిపించును. సుశ్రుతసంహిత సూత్రస్థానము ప్రథమాధ్యాయమున, ధన్వంతరి స్వరూపుడైన కాశీరాజు దివోదాసుడు ఆయుర్వేదపు అష్టాంగములలో శల్యతంత్రమే ఆద్యమని చెప్పుచు, హేతువుగా ఈ కథనే చూపెను. రుద్రుడు యజ్ఞశిరస్సును ఛేదించగా దేవతలు అశ్వినులను ప్రార్థించిరి, వారికి యజ్ఞభాగము లభించెను, శిరస్సు అతికెను. గాయమును మాన్పుట, తెగినదానిని అతికించుట వైద్యమునకు మొదటి పని అని అక్కడి తాత్పర్యము. శస్త్రవైద్యునకు ఇంతకంటె గొప్ప వంశావళి ఏముండును?

ఇక తైత్తిరీయసంహిత ఆరవ కాండము చూడుడు. కథ అదే. అశ్వినులు తమకొక సోమగ్రహము కావలెనని కోరి, శిరస్సును సంధించిరి. అయితే ఆ వెనువెంటనే దేవతలు వారిని చూచి, వీరు మనుష్యుల నడుమ తిరుగు భిషక్కులు, అపవిత్రులు అనిరి. బహిష్పవమాన స్తోత్రముచే శుద్ధిచేసిన తరువాత గాని వారికి గ్రహము పట్టలేదు. ఆ కారణముచే బ్రాహ్మణుడు వైద్యము చేయరాదని కూడ ఆ అనువాకము నిషేధించుచున్నది. తెలుగుదేశమున వేదాధ్యయనపరులలో అధికులు తైత్తిరీయశాఖీయులే గనుక ఈ వాక్యము మనకు దూరపుది కాదు. తరతరములుగా మన ఇండ్లలో స్వరయుక్తముగా పలుకబడినదే.

ఒకే శస్త్రకర్మ. ఒక గ్రంథమున అది వైద్యునకు యజ్ఞభాగమును సంపాదించిపెట్టెను. మరియొక గ్రంథమున అదే వైద్యుని పంక్తిబాహ్యుని చేసెను. సుశ్రుతుడు ప్రపంచమునకు శస్త్రవైద్యమును నేర్పెనని ఈనాడు సభలలో గర్వముతో చెప్పుకొందుము. ఆ గర్వమునకు ఆధారము లేకపోలేదు. అయితే నేర్పినవారి దేశమున ఆ విద్య ఎవరి చేతికి పోయినది, ఎట్లు పోయినది అను ప్రశ్నను సాధారణముగా అడుగము. ఈ వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినది.

మొదట ఆ శాస్త్రము జ్ఞానమును ఎట్లు భావించెనో చూడవలెను. సుశ్రుతుని దృష్టిలో శల్యమనగా కేవలము దేహమున గ్రుచ్చుకొనిన బాణము కాదు. మనస్సును గాని శరీరమును గాని బాధించునదెల్ల శల్యమే. శల్యములను తీయు ఉపాయములను లెక్కించుచు, హృదయమున నాటుకొనిన శోకశల్యమును హర్షముచే తీయవలెనని కూడ ఆయన చెప్పుట సాధకులు గమనింపదగినది. ఇంత విశాలమైన నిర్వచనము చేసినవాడు సాధనవిషయమున మాత్రము అత్యంత లౌకికుడు. యంత్రములు 101, శస్త్రములు 20. శస్త్రకర్మ ఎనిమిది విధములు. ఛేదనమును బూడిదగుమ్మడి, ఆనపకాయ, దోసకాయల వంటి ఫలములపై అభ్యసింపవలెను. నీరు నింపిన తోలుతిత్తులపై భేదనమును, రోమములతో కూడిన చర్మముపై లేఖనమును, మృతపశువుల సిరలపైనను తామరతూండ్లపైనను వేధనమును, పురుగు తొలిచిన కొయ్యపై ఏషణమును నేర్వవలెను. కుట్టుపనికి వస్త్రపు అంచులు, మెత్తని తోలు. కట్లు కట్టుటకు మనుష్యాకారపు బొమ్మ. చదువెంత చదివినను, ఈ యోగ్యాభ్యాసము చేయనివాడు కర్మయందు అయోగ్యుడే అని తీర్పు.

శారీరస్థానమున ఇంకొక అడుగు ముందుకు వేసెను. విషముచే గాని దీర్ఘవ్యాధిచే గాని మరణింపని దేహమును తెచ్చి, ఆంత్రములను శుభ్రపరచి, ముంజగడ్డి, దర్భ, జనుము మున్నగువానితో చుట్టి, పంజరమునందుంచి, జనసంచారము లేని చోట ప్రవాహజలమున నిలుపవలెను. ఏడు రాత్రుల తరువాత తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మున్నగువాని కుంచెతో మెల్లమెల్లగా రాచుచు, చర్మము మొదలుకొని లోపలి అవయవముల వరకు ఒక్కొక్కటిగా కన్నులార చూడవలెను. ప్రత్యక్షముగా చూచినది, శాస్త్రమున చదివినది రెండును కలిసిననే జ్ఞానము వృద్ధియగునని ఆ అధ్యాయపు ముగింపు. ఆ ముగింపులోనే ఇంకొక మాట కలదు: దేహమునందున్న విభువగు ఆత్మ అతిసూక్ష్ముడు, చర్మచక్షువునకు కానరాడు, జ్ఞానచక్షువునకు, తపశ్చక్షువునకు మాత్రమే గోచరుడు. శవమును రాచుచున్న చేయియే ఈ మాటను కూడ వ్రాసినది. ప్రత్యక్షప్రమాణమును అంత గట్టిగా పట్టుకొనినవాడు దాని అవధిని కూడ ఎరిగియుండుట నాకు ఈ గ్రంథమున అన్నిటికంటె గౌరవనీయముగా తోచును.

ఆత్యయిక చికిత్స విషయమున ఈ పరిశీలన ఎంత సూక్ష్మముగా పనిచేసెనో ఒక్క ఉదాహరణము చాలును. మర్మములు 107. వానిని మాంస సిరా స్నాయు అస్థి సంధి భేదములతో విభజించుటతో సుశ్రుతుడు ఆగలేదు. గాయపడినవాని గతిని బట్టి మరల విభజించెను. సద్యఃప్రాణహరములు 19, కాలాంతరప్రాణహరములు 33, వైకల్యకరములు 44, రుజాకరములు 8, విశల్యఘ్నములు 3. ఈ చివరి మూడింటిని గమనింపుడు. కణతలకు పైన కేశాంతమున రెండు ఉత్క్షేపములు, భ్రూమధ్యమున ఒక స్థపని. అక్కడ బాణము నాటుకొనినవాడు బాణము లోపల ఉన్నంతవరకు జీవించును, పెరికివేసిన మరణించును, చీము పట్టి తనంతట తానే రాలిపోయిన జీవించును. లోన నాటుకొనిన వస్తువును సంఘటనాస్థలమున లాగివేయరాదని నేటి అత్యవసర వైద్యులును శిక్షణలో నేర్చుకొందురు. సుశ్రుతుడు చెప్పిన కారణము వాయునిరోధము. నేటివారు చెప్పు కారణము రక్తస్రావ నిరోధము. కారణకల్పన వేరైనను చూచినది ఒక్కటే.

ఇట్టి విభాగము ధ్యానమున కూర్చుండి ఊహించిన వానికి సాధ్యము కాదు. ఎవడో ఒకడు పెరికెను, క్షతగాత్రుడు మరణించెను. మరియొకడు పెరుకక వదిలెను, అతడు బ్రతికెను. ఎందరివో మరణములు, ఎందరివో జీవితములు ఆ మూడు సంఖ్యలో ఇమిడియున్నవి. కాని వారిలో ఒక్కని కథయైనను గ్రంథమున లేదు. ఇక్కడనే మన శాస్త్రశైలి యొక్క బలము, లోపము రెండును కనబడును. వైశేషికుల పరిభాషలో చెప్పవలెనన్న, మనవారు సామాన్యమును భద్రపరచిరి, విశేషమును విడిచిరి. సూత్రము కంఠస్థమగును, రోగి పేరు, ఊరు, ఏ దినమున ఏమి జరిగెను అనునవి కంఠస్థము కావు. చూచినవారు ఉన్నంతకాలము ఇది లోపముగా తోచదు. చూచుట ఆగిపోయిన నాడు, సూత్రమును సరిచూచుకొనుటకు చేతిలో ఏమియు మిగులదు.

ఇక ప్రసిద్ధమైన నాసికాసంధానము. సూత్రస్థానము పదునారవ అధ్యాయము ప్రధానముగా కర్ణవేధమును గూర్చినది. చెవితమ్మె తెగినచో అతికించు పదునైదు పద్ధతులను చెప్పి, తమ్మె పూర్తిగా పోయినచో చెక్కిలినుండి సజీవమును, సానుబంధమును అయిన మాంసమును, అనగా మూలముతో సంబంధము తెగని మాంసమును తెచ్చి కొత్త తమ్మెను చేయుమని ప్రచలితపాఠము చెప్పుచున్నది. నా దృష్టిలో అధ్యాయమంతటికి ప్రాణము ఈ రెండు విశేషణములే. తరువాత ముక్కు: దాని పరిమాణమునకు సరిపోవు ఆకును తీసికొని, ఆ కొలతతో చెక్కిలి ప్రక్కనుండి చర్మమును తీసి, తెగిన నాసాగ్రమును గీచి, శీఘ్రముగా సంధింపవలెను. ఊపిరికై రెండు నాళములు అమర్చి, పతంగము, యష్టిమధుకము, అంజనముల చూర్ణము చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెను. ముక్కు చిన్నదైనచో పెంచుటకును, మాంసము అధికమైనచో సమము చేయుటకును విధి కలదు. తరువాతి కాలమున వాగ్భటుడును చెక్కిలి చర్మమునే చెప్పెను.

చెక్కిలి అను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. 17వ శతాబ్దము చివరిభాగమున మన దక్కనులో, బీజాపూరు ప్రాంతమున, యుద్ధములలో ముక్కు కోయబడినవారికి స్థానిక వైద్యులు కనుబొమల పైనున్న చర్మమును దింపి ముక్కు చేయుచుండిరని వెనిస్ దేశీయుడగు నికొలావ్ మనూచీ వ్రాసెను. ఇది చెక్కిలి కాదు, నుదురు. సంహితలో లేని మార్గము. దీనిని ఎవరు, ఎప్పుడు కనుగొనిరో చెప్పు గ్రంథము లేదు. సంస్కృతమున వ్యాఖ్యానములు వ్రాసినవారికి ఈ మార్పుతో సంబంధము కనబడదు. శాస్త్రము ఒక దారిని, చేయి మరియొక దారిని పోయినవి.

ఆ చేతిని లోకమంతయు చూచిన సందర్భము శతాబ్దము తరువాత పూనా వద్ద సంభవించెను. 1792లో ముగిసిన మైసూరు యుద్ధమున కవాస్‌జీ అను మహారాష్ట్రుడు ఆంగ్లసైన్యమునకు ఎడ్లబండ్లు తోలువాడు. టిప్పు సుల్తాను సైనికులకు బందీగా చిక్కెను. వారు అతని ముక్కును, ఒక చేతిని కోసి పంపిరి. ఏడాదికి పైగా ముక్కు లేకయే గడిపిన తరువాత, పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి ముక్కు చేసెను. బొంబాయికి చెందిన ఇద్దరు ఆంగ్లేయ వైద్యులు ఈ కర్మను చూచిరి. జేమ్స్ వేల్స్ అను చిత్రకారుడు కవాస్‌జీ రూపమును చిత్రించెను. లండనులో వెలువడు జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ 1794 అక్టోబరు సంచికలో ఆ చిత్రముతో కూడ ఒక లేఖ అచ్చుపడెను.

లేఖలోని వర్ణనము సూత్రప్రాయము కాదు, దినచర్యాప్రాయము. పలుచని మైనపురేకుతో ముక్కు ఆకారమును చేసి, దానిని చదును చేసి, నుదుటిపై పరచి, చుట్టును గీత గీసిరి. ఆ గీత వెంబడి చర్మమును లేపి, రెండు కన్నుల నడుమ సన్నని పట్టీని మాత్రము తెంపక విడిచిరి. క్రొత్తచోట అతుకువరకు రక్తము దాని గుండనే నడచును. మొండి ముక్కు చుట్టును కోత పెట్టి, చర్మమును త్రిప్పి దింపి, అంచును ఆ కోతలో చొప్పించిరి. కాచును నీటితో మెత్తచేసి గుడ్డపేలికలకు పూసి, ఐదారింటిని ఒకదానిపై నొకటి వేసిరి. నాలుగు దినముల వరకు మరే కట్టును లేదు. తరువాత నేతిలో ముంచిన గుడ్డలు. ఐదారు దినములు రోగి వెల్లకిల పరుండవలెను. పదవ దినమున నాసారంధ్రములలో మెత్తని గుడ్డలు. సుమారు ఇరువదియైదవ దినమున కన్నుల నడుమనున్న పట్టీని తెంపిరి. సుశ్రుతుని ఆకు స్థానమున మైనము వచ్చినది, చెక్కిలి స్థానమున నుదురు వచ్చినది. కాని సజీవమును సానుబంధమును అయిన ఆ రెండు విశేషణములు మాత్రము అక్షరాలా నిలిచినవి. వానిని సంస్కృతమున చదివి ఎరుగని చేతులలో నిలిచినవి.

రోగి పేరు మనకు తెలియును, ముఖము కూడ తెలియును. చేసినవాని కులమును చెప్పిన ఆ లేఖ అతని పేరును చెప్పలేదు.

సుశ్రుతుని తీర్పును ఇక్కడ నిజాయితీగా ఎదుర్కొనవలెను. సూత్రస్థానము మూడవ అధ్యాయమున ఆయన ఇద్దరు అసంపూర్ణ వైద్యులను వర్ణించెను. శాస్త్రము మాత్రము తెలిసి కర్మ తెలియనివాడు, యుద్ధమున పిరికివాడు మూర్ఛిల్లినట్లు, రోగిని చూడగానే మూర్ఛిల్లును. కర్మ తెలిసి శాస్త్రము లేనివాడు సజ్జనుల పూజకు అర్హుడు కాడు, రాజుచే వధార్హుడు. ఇద్దరును ఒకే రెక్క గల పక్షులవంటివారు. ఈ కొలతతో చూచిన, 1793 నాటికి మన దేశమున ఆ రెండు అర్ధపక్షులే మిగిలియుండిరి. ఒకవైపు సంహితను వల్లెవేయగల పండితవైద్యుడు. అతడు శస్త్రమును ముట్టడు. మరొకవైపు ఇటుకలు చేయువాడు. అతడు శాస్త్రమును ముట్టజాలడు. శాస్త్రము ఎవనిని దండ్యుడనెనో, శాస్త్రప్రాణమును కాపాడినవాడు అతడే.

మూర్ఛిల్లిన పండితునకు శిక్ష లేదు, కర్మకుశలునకు మరణశిక్ష! ఈ అసమానతను సమర్థించుటకు నాకు మనస్సు రాదు. శాస్త్రము లేని కత్తి ప్రాణాంతకమన్న భయము దీనికి మూలమని చెప్పవచ్చును; అది సహేతుకమే. కాని రెండవ రెక్క మొలచుటకు అవకాశమిచ్చిన తరువాత గదా దండనము న్యాయమగుట. సుశ్రుతుని కాలమున ఆ అవకాశము కొంత ఉండెను. కులగుణసంపన్నుడగు శూద్రునకు మంత్రము లేకయే ఈ విద్యను నేర్పవచ్చునన్న కొందరి మతమును రెండవ అధ్యాయము పేర్కొన్నది. తరువాతి కాలమున ఆ సన్నని ద్వారము ఎంతవరకు తెరచియున్నదో పూనా దృశ్యమే చెప్పుచున్నది. పైనుండి తైత్తిరీయ నిషేధము, దానికి తోడు వైద్యుని అన్నము చీముతో సమానమన్న మనుస్మృతి చతుర్థాధ్యాయ వచనము, శవస్పర్శాశౌచము. శల్యతంత్ర క్షయమునకు ఇవియే సమస్త కారణములని నేననను. రాజాశ్రయము పోవుట, విద్య కుటుంబరహస్యమగుట మున్నగునవియు ఉన్నవి. కాని శుచిత్వమును కోరిన చేయి మొదట కత్తిని, తరువాత రోగిని విడిచినదనుట కాదనరాని విషయము.

సముద్రము ఆవల జరిగినది పరిశీలింపుడు. ఐరోపాకు నాసికాసంధానము పూర్తిగా క్రొత్తది కాదు. బొలోన్యాలో తాల్యకోత్సీ 1597లోనే బాహుచర్మముతో ముక్కు చేయు పద్ధతిని గ్రంథస్థము చేసెను. అయినను అది వాడుకనుండి జారిపోయెను. 1794 నాటి లేఖ ప్రేరణతో జోసెఫ్ కార్ప్యూ అను లండను వైద్యుడు ఈ విషయమును పట్టుకొనెను. తొందరపడలేదు. శవములపై అభ్యసించెను. ఇరువది సంవత్సరముల తరువాత, 1814 అక్టోబరు 23న, మొదటి రోగికి నుదుటి చర్మముతో ముక్కు చేసెను. అప్పటికి మత్తుమందులు లేవు. ఈథరు వచ్చుటకు ఇంక మూడు దశాబ్దములు కావలెను. రెండవ రోగి యుద్ధమున గాయపడిన సైనికాధికారి. 1816లో ఆ ఇద్దరి వృత్తాంతములను చిత్రసహితముగా ప్రకటించి, అందు భారతీయ పద్ధతికి ఋణమును ఒప్పుకొనెను. రెండు సంవత్సరములకే బెర్లినులో గ్రేఫె ఈ విషయముపై తన గ్రంథమును వెలువరించెను. నుదుటి చర్మపు విధానమునకు ఇండియన్ మెథడ్ అను పేరు వైద్యగ్రంథములలో స్థిరపడెను.

కార్ప్యూ చేసినదానిలో క్రొత్త కర్మ ఏమియు లేదు. పూనాలో ఆ పని అతనికంటె అనుభవజ్ఞుడు చేసెను. కార్ప్యూ వద్ద ఉన్నది వ్రాయు అలవాటు మాత్రమే. ఇద్దరు రోగులు, ఇన్ని దినములు, ఇట్లు జరిగినది అని వ్రాసి, ఎవరైన సరిచూచుకొనుడని లోకమునకు వదిలెను. రెండంటే రెండే దృష్టాంతములు. వానిని చదివిన తరువాతివాడు మూడవది చేయగలిగెను. మన ఇటుకల కులమువాడు ఎందరికి ముక్కులు చేసెనో, ఎన్ని విఫలమయ్యెనో, నుదుటి మచ్చను తగ్గించుటకు ఏ మెలకువ పాటించెనో అంతయు అతని కొడుకునకు మాత్రమే తెలిసియుండును. కొడుకు ఉన్నచో.

మన దేశమున రెండు రెక్కలు మరల కలిసిన ఘట్టము ఒకటి కలదు. అది విచిత్రముగా ఒక్క మనుష్యునియందే జరిగెను. పండిత మధుసూదన గుప్త వంగదేశీయ వైద్యకులజుడు, కలకత్తా సంస్కృత కళాశాలలో ఆయుర్వేదమును బోధించినవాడు. సుశ్రుతసంహితను మొదటిసారి అచ్చు వేయించి రెండు సంపుటములుగా 1835, 1836 సంవత్సరములలో వెలువరించినది ఆయనయే. అంతవరకు ఆ గ్రంథము తాళపత్రములలోను, వ్రాతప్రతులలోను ఉండెను. నేపాళమున లభించిన ఒక తాళపత్రప్రతి క్రీ.శ. 878 నాటిది. 1835లో కలకత్తా వైద్యకళాశాల నెలకొల్పబడగా మధుసూదనుడు అందు చేరెను. 1836లో, హిందువులు శవమును ముట్టరన్న అభిప్రాయము పాలకులయందును పాలితులయందును సమానముగా పాతుకొనియున్న కాలమున, ఆయన కొందరు విద్యార్థులతో కలిసి శవచ్ఛేదనము చేసెను. ఆ దినమున ఫోర్ట్ విలియం కోటలో తోపులు ప్రేల్చిరని వంగదేశమున చెప్పుకొందురు.

దీనిని పాశ్చాత్య విద్య మన ఆచారముపై సాధించిన విజయముగా చరిత్రగ్రంథములు వర్ణించును. తోపులు నిజముగా ప్రేలినచో, ప్రేల్చినవారును అట్లే భావించియుందురు. కాని ఆ సంవత్సరములలో ఆయన బల్లపై ఏ గ్రంథపు అచ్చుప్రతులు ఉండెనో స్మరింపుడు. శారీరస్థానము పంచమాధ్యాయమును అక్షరమక్షరము సరిదిద్దిన కన్నులవి. శవమును శోధింపక శల్యజ్ఞానము నిస్సంశయము కాదన్న వాక్యమును ఎందరో పండితులు చదివిరి, బోధించిరి, వ్యాఖ్యానించిరి. మధుసూదనుడు దానిని అచ్చునకిచ్చి, చేతులు కడుగుకొని, ఛేదనశాలలోనికి నడచెను.